పెద్ద సౌర జ్వాలలకూ సన్‌స్పాట్ చక్రానికీ ఉన్న సంబంధాన్ని మీరే గ్రాఫ్‌లో చూడటం ఎలా?

సూర్యుడిపై మచ్చలు (సన్‌స్పాట్లు) పెరిగితే, ఒక్కసారిగా శక్తి వెదజల్లే జ్వాలలూ పెరుగుతాయని చాలామంది వినే ఉంటారు. నిజమే, కానీ అసలు ఆసక్తికరమైన విషయం అందులో రాదు. ఒక స్ప్రెడ్‌షీట్ తెరిచి గ్రాఫ్ గీస్తే అది కంటికే కనిపిస్తుంది.

ముందు సన్‌స్పాట్ల లెక్క తీసుకోండి. బెల్జియం రాయల్ అబ్జర్వేటరీలోని సిల్సో కేంద్రం 1749 నుంచి నెలవారీ సంఖ్యలను ఉచితంగా ఇస్తోంది. విడి నెలల అంకెలు బాగా ఎగిరిపడుతుంటాయి కాబట్టి 13 నెలల సగటు వేసిన వరస వాడండి. సుమారు 11 ఏళ్లకోసారి లేచి పడే గీత వస్తుంది; ఇలా ఒకసారి లేచి పడటమే ఒక చక్రం, వీటికి వరుస సంఖ్యలున్నాయి.

తర్వాత జ్వాలల జాబితా. అమెరికా గోస్ ఉపగ్రహాలు ఎక్స్-రే తీవ్రతను బట్టి వీటిని ఎ, బి, సి, ఎం, ఎక్స్ అని విడదీస్తాయి. ఒక్కో మెట్టుకూ తీవ్రత పదింతలు. ఎక్స్ తరగతివి మాత్రమే తీసుకుని, ఏ తేదీన వస్తే అక్కడ చుక్క పెట్టండి. జ్వాల ఎంత పెద్దదైతే చుక్క అంత పెద్దది.

మొదట చుక్కలు ఎక్కడ గుమిగూడాయో చూడండి. గీత ఎత్తులో ఉన్నచోట ఎక్కువ, అడుగున దాదాపు ఖాళీ. 2006 డిసెంబర్ తర్వాత 2011 ఫిబ్రవరి దాకా ఒక్క ఎక్స్ జ్వాల కూడా లేదు!

ఇప్పుడు పెద్ద చుక్కలను చూడండి. నాకు బాగా నచ్చే భాగం ఇదే. 23వ చక్రం శిఖరం 2001లో. ఎక్స్28గా (అంటే ఎక్స్1కు 28 రెట్లు) అంచనా వేసిన జ్వాల వచ్చింది 2003 నవంబర్ 4న. 24వ చక్రం శిఖరం 2014 ఏప్రిల్; దానిలో అతి పెద్దదైన ఎక్స్9.3 వచ్చింది 2017 సెప్టెంబర్ 6న, మచ్చలు బాగా తగ్గిపోయాక.

ఎందుకలా? జ్వాలకు కావాల్సింది చిక్కుపడిన అయస్కాంత క్షేత్రం. మచ్చలు ఎన్ని ఉన్నా అవి సాదాసీదావైతే పెద్దగా ఏమీ జరగదు. వ్యతిరేక ధ్రువాలున్న నల్లటి భాగాలు ఒకే బూడిదరంగు అంచులో ఇరుక్కుంటే దాన్ని డెల్టా రకం అంటారు. అక్కడ క్షేత్రరేఖలు మెలిపడి, తెగి, మళ్లీ అతుక్కునేటప్పుడు పోగైన శక్తి ఒక్కసారిగా బయటపడుతుంది. 2017 నాటి ఆ జ్వాల పుట్టిన మచ్చల ప్రాంతం (దాని సంఖ్య 12673) మొదట మామూలు మచ్చే. కొత్త క్షేత్రం పైకి పొడుచుకొచ్చి కొద్ది రోజుల్లోనే డెల్టాగా మారింది. అందుకే మీ పట్టికలో అయస్కాంత రకానికి ఇంకో నిలువు వరుస తప్పకుండా చేర్చండి. శిఖర కాలంలో ఇలాంటి గుంపులు ఎక్కువ పుడతాయి, కానీ శిఖరం దాటాక కూడా ఒక్కటి చాలు.

పెద్ద జ్వాల వచ్చినంత మాత్రాన భూమికి అయస్కాంత తుఫాను తగలాలని లేదు; దానికి సూర్యుడు ప్లాస్మాను (విద్యుదావేశమున్న వేడి వాయువును) మన వైపు విసరాలి. 2014 అక్టోబర్‌లో 12192వ ప్రాంతం ఆరు ఎక్స్ జ్వాలలు విడిచినా, వాటితో పాటు ప్లాస్మా విసురు దాదాపు లేదు. ఈ రెండిటినీ ఒకే లెక్కలో కలపకండి.

25వ చక్రం శిఖరం 2024 అక్టోబర్‌లో దాటింది. కాబట్టి మీ గ్రాఫ్‌ను ఇక్కడితో ఆపకుండా, దిగువ వాలులో వచ్చే ప్రతి ఎక్స్ జ్వాలనూ దాని మచ్చ రకంతో సహా చేరుస్తూ పొండి.