జర్మన్ ఇంటిపేరు వేరు పట్టడం ఎలా

అర్థం కోసం ముందే నిఘంటువు తెరవకండి. వేములవాడ, కొండపల్లి లాంటి ఇంటిపేరు వినగానే మనం ఆ ఊరెక్కడ అని అడుగుతాం. జర్మన్ పేరుకీ అదే దారి.

హైదరాబాద్‌లో మన చేతికందేది ఎక్కువగా పాస్‌పోర్టు జిరాక్సే. దాని అడుగు వరసల్లో అచ్చుల మీది రెండు చుక్కలు ఉండవు. చుక్కల 'ఓ'ను 'ఓఇ' అని, చుక్కల 'యు'ను 'యుఇ' అని వేస్తారు. అలాంటివి కనిపిస్తే రెండు రూపాలూ రాసుకుని రెండింటితోనూ వెతకండి. కవి గోథే పేరు మాత్రం 'ఓఇ'తోనే స్థిరపడింది.

తర్వాత పేరు తోక చూడండి. 'సెన్' అయితే ఉత్తరాన డెన్మార్క్ సరిహద్దు వైపు. 'హుబర్', 'హోఫర్' అయితే బవేరియా, ఆస్ట్రియా. చివర 'డబ్ల్యూ' రాసి 'ఓ' అని పలికితే తూర్పున స్లావ్ (పోలిష్ లాంటి భాషల) ఊరి పేరు.

ఇప్పుడు మ్యాపు. మైన్జ్ అకాడమీ వాళ్ల డిజిటల్ ఇంటిపేర్ల నిఘంటువు ఉచితం, 2005 నాటి టెలిఫోన్ కనెక్షన్లతో పేరు ఎక్కడ ఎక్కువో చూపిస్తుంది. అరుదైన పేరు ఒకటి రెండు జిల్లాల్లోనే గుంపుగా ఉంటే సగం పని అయినట్టే. దేశమంతా చెల్లాచెదురైతే తొందరపడొద్దు: 1945 తర్వాత, నేడు చాలావరకు జర్మనీ బయట ఉన్న సైలీషియా, తూర్పు ప్రష్యా జనం నిర్వాసితులై వచ్చారు, వాళ్ల పేర్లకు ఈ మ్యాపు పుట్టిల్లు చూపదు.

ప్రాంతం తెలిశాకే అర్థం. మన కుమ్మరి ఉత్తరాన 'పోటర్', దక్షిణాన 'హాఫ్నర్', మధ్య జర్మనీలోని హెస్సేలో 'ఓయ్లర్'. 'కైజర్' అంటే చక్రవర్తి నిజమే, కానీ వంశం రాజులది కానక్కర్లేదు, చాలాసార్లు అది ఎగతాళి పేరు. 'మేయర్' ఇంకా తికమక: రైతు కుటుంబమైతే భూస్వామి తరఫున పొలాలు చూసినవాడు, యూదు కుటుంబమైతే హీబ్రూ 'మేయిర్'.

1876లో దేశమంతటా జనన, వివాహ, మరణాల ప్రభుత్వ రిజిస్టర్లు మొదలయ్యేదాకా చాలాచోట్ల చర్చి పుస్తకాలే ఆధారం. ఫ్యామిలీసెర్చ్ వెబ్‌సైటులో, కేథలిక్కులవైతే మాత్రికులా వెబ్‌సైటులో డబ్బు కట్టకుండా చూడొచ్చు. పాత చేతిరాతలో 'ఇ' అచ్చం 'ఎన్'లా ఉంటుంది. పేరు తప్పు చదివేది ఎక్కువగా ఇక్కడే. పాదిరి చెవికి విన్నట్టు రాసేవాడు, అందుకే 'డి' బదులు 'టి', 'బి' బదులు 'పి' పెట్టి కూడా వెతకండి. ఆడవాళ్ల పేరు చివర 'ఇన్' కనిపిస్తే అది వేరే ఇంటిపేరు కాదు; ముల్లరిన్ అంటే ముల్లర్ వాళ్ల ఇంటి ఆడమనిషి, అంతే.