కలప రసాయనాలకు కస్టమ్స్ కోడ్ – 4వ పాఠం: గుజ్జు 4702లోకా, 4703లోకా?

మంగపేట మండలం కమలాపురం మిల్లులో ఒకప్పుడు తయారైన రేయాన్ (కృత్రిమ పట్టు) గుజ్జునూ, కాగజ్‌నగర్‌లో కాగితానికి వండే తెల్ల గుజ్జునూ అట్టలుగా ఆరబెట్టి పక్కపక్కన పెడితే కంటికి తేడా తెలియదు. కస్టమ్స్ టారిఫ్‌లో మాత్రం రేయాన్ గుజ్జుది 4702, కాగితం గుజ్జుది 4703. ఇన్వాయిస్ మీద ‘రేయాన్ గ్రేడ్’ అని రాసినంత మాత్రాన 4702 అయిపోదు. తేల్చేది 47వ అధ్యాయం మొదట్లో ఉన్న నోటు.

ఆ నోటులోని పరీక్ష ఇది. గుజ్జును 18 శాతం కాస్టిక్ సోడా ద్రావణంలో, 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర, గంటసేపు ఉంచాలి. కరగకుండా ఎంత మిగిలిందో బరువులో చూడాలి. సోడా, సల్ఫేట్, సల్ఫైట్ అనేవి కలపను వండే రసాయన పద్ధతుల పేర్లు. సోడా లేదా సల్ఫేట్ పద్ధతిలో వండిన గుజ్జయితే కనీసం 92 శాతం మిగలాలి. సల్ఫైట్ గుజ్జయితే 88 చాలు, కానీ దానికి బూడిద 0.15 శాతం దాటకూడదు.

కాబట్టి అమ్మేవారిని మొట్టమొదట అడగాల్సింది ఏ పద్ధతిలో వండారని. 90 శాతం మిగిలిన గుజ్జు సల్ఫైట్‌దై, బూడిద 0.12 ఉంటే 4702కు వెళ్తుంది. అదే 90 సల్ఫేట్ గుజ్జుకు వస్తే 4703లోనే ఆగుతుంది.

ఎక్కువ పొరపాట్లు ల్యాబ్ సర్టిఫికెట్ చదవడంలోనే జరుగుతాయి. ‘ఆల్ఫా సెల్యులోజ్ 94’ అని చూసి 4702 వేసేస్తారు. ఆ పరీక్ష సాధారణంగా 17.5 శాతం సోడాతో, 25 డిగ్రీల దగ్గర చేసేది. నోటు అడిగేది అది కాదు. మనకు కావలసిన అంకె ‘ఆర్18’, అంటే 18 శాతం సోడాలో కరగకుండా మిగిలిన భాగం. ‘ఎస్18’ ఇచ్చి ఉంటే అది కరిగిపోయిన భాగం, వందలోంచి తీసేయండి: ఎస్18 విలువ 6.5 అయితే ఆర్18 విలువ 93.5. ‘ఆర్10’ (10 శాతం సోడాతో చేసినది) మాత్రమే ఉంటే లెక్కకు పనికిరాదు. సరుకు ఓడ ఎక్కకముందే ఆర్18 చేయించి పంపమనండి. కంటైనర్ సనత్‌నగర్ డిపోకు చేరాక శాంపిల్ ల్యాబుకు పోతే, ఫలితం వచ్చేదాకా అద్దె పెరుగుతూనే ఉంటుంది.

4702కు ఉపవిభాగాలు లేవు. 4703లో మాత్రం రెండు ప్రశ్నలుంటాయి: చెట్టు పైన్ వంటి శంకుధారి (కోనిఫర్) జాతిదా కాదా, గుజ్జు తెల్లబరిచిందా లేదా. మన దగ్గరి సుబాబుల్, నీలగిరి శంకుధారి జాతివి కావు. వాటి సల్ఫేట్ గుజ్జును తెల్లబరిస్తే 4703 29, బరచకపోతే 4703 19.

గుజ్జు తీశాక మిగిలే నల్లటి ద్రవం, లిగ్నిన్ సల్ఫోనేట్లు (కలపలోని లిగ్నిన్ అనే జిగురు పదార్థం నుంచి వచ్చేవి) 3804 కిందికి వస్తాయి, చిక్కబరిచినా సరే. ఆ ద్రవం నుంచే వచ్చే టాల్ ఆయిల్‌కు మాత్రం 3803 వేరుగా ఉంది. టాల్ ఆయిల్ పైన్ గుజ్జు మిల్లుల్లో దొరికేది; నీలగిరి గుజ్జు మిల్లు నుంచి టాల్ ఆయిల్ వచ్చిందని ఇన్వాయిస్ చెబితే పత్రాలు మళ్లీ చూడండి.

అభ్యాసం: సల్ఫైట్ గుజ్జు, ఎస్18 విలువ 10.8, బూడిద 0.18 శాతం. ఏ హెడ్డింగ్ (నాలుగంకెల కోడ్), ఎందుకు? 4704 మాటలు కూడా చదివి జవాబు రాయండి. వచ్చే పాఠంలో దీన్ని సరిచూసుకుని, టర్పెంటైన్, రోజిన్ సంగతికి వెళ్దాం.