సంక్రాంతికి ఊరెళ్తున్నారా? ఇంటితో పాటు ఫోన్‌కీ తాళం వేయండి

భోగికి రెండు మూడు రోజుల ముందే హైదరాబాద్ ఖాళీ అవడం మొదలవుతుంది. ఎల్బీనగర్‌లో బస్సుల కోసం జనం, విజయవాడ హైవే మీద పంతంగి టోల్ ప్లాజా దగ్గర కార్ల బారులు, మా కూకట్‌పల్లి అపార్ట్‌మెంట్‌లో ఫ్లోర్‌కి ఒకటో రెండో ఇళ్లలోనే లైట్లు. గ్యాస్ కట్టేశామా, గీజర్ ఆపామా అని రెండుసార్లు చూసుకుని మరీ తాళం వేస్తాం. ఫోన్‌ని మాత్రం బార్లా తెరిచిపెట్టి జేబులో వేసుకుని బస్సెక్కుతాం.

కిందటేడు మా మేనత్తకి జరిగింది చూశాకే ఇదంతా రాయాలనిపించింది. అరిసెల పిండి కొట్టించే హడావుడిలో ఉండగా, తెలిసినవాళ్ల నంబర్ నుంచి ఆమె వాట్సాప్‌కి ట్రాఫిక్ చలానా అంటూ ఒక ఫైల్ వచ్చింది. వెంటనే నాకు ఫోన్ చేసింది.

"ఏరా, మీ మామయ్య బండి మీద చలానా పడిందట. నొక్కితే తెరుచుకోవట్లేదు, ఏదో ఇన్‌స్టాల్ చేయమంటోంది. చేసేయనా?"

"వద్దత్తా, దాన్ని ముట్టుకోకు. నేను వస్తున్నా."

ఆ రోజు ఆమె నన్ను అడగకుండా నొక్కేసి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే నాకు ఇప్పటికీ టెన్షనే.

ఆ ఫైల్ పేరు చివర ఏపీకే అని ఉంది. ఏపీకే అంటే ఫోటో కాదు, బిల్లు కాగితం కాదు, ఆండ్రాయిడ్ ఫోన్‌లోకి ఎక్కే యాప్. ఎక్కగానే మెసేజ్‌లు చదవడానికి పర్మిషన్ అడుగుతుంది. మనం సరే అని నొక్కితే బ్యాంకు పంపే ఓటీపీలు నేరుగా అవతలివాడి చేతికి వెళ్తాయి. చాలాసార్లు మన వాట్సాప్ నుంచే బంధువుల గ్రూపులకి అదే ఫైల్ పంపిస్తారు. కాబట్టి తెలిసిన నంబర్ కదా అని ధైర్యపడకండి, అవతలివాళ్ల ఫోన్ అప్పటికే దొంగల చేతిలో ఉండొచ్చు. పెళ్లి శుభలేఖ, కరెంటు బిల్లు, బ్యాంకు కేవైసీ అని పేర్లు మారుతుంటాయి, లోపల సరుకు ఒకటే. నిజంగా చలానా ఉందో లేదో తెలియాలంటే తెలంగాణ పోలీసుల ఈ-చలానా వెబ్‌సైట్‌లోకి మీరే వెళ్లి బండి నంబర్ కొట్టి చూసుకోండి.

బస్సెక్కే ముందు ఇంట్లో అందరి ఫోన్లూ ఒకచోట పెట్టుకుని కూర్చోండి. సెట్టింగ్స్‌లో తెలియని యాప్‌ల ఇన్‌స్టాలేషన్‌కి వాట్సాప్‌కీ బ్రౌజర్‌కీ అనుమతి ఉంటే తీసేయండి. ప్లే స్టోర్‌లో దొంగ యాప్‌లని పట్టుకునే ప్లే ప్రొటెక్ట్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. ఇప్పటికే ఎవరైనా అలాంటి ఫైల్ ఎక్కించుకుని ఉంటే ముందు మొబైల్ డేటా, వైఫై ఆపేయండి. ఇంకో ఫోన్ నుంచి బ్యాంకుకి చెప్పి ఖాతా, కార్డులు బ్లాక్ చేయించండి. తర్వాత ఫోన్‌ని ఫ్యాక్టరీ రీసెట్ చేయించాలి, అంటే లోపలున్నవన్నీ చెరిపేసి కొత్త ఫోన్‌లా మార్చాలి. ఆ యాప్ ఒక్కటే తీసేసి ఊరుకుంటే నాకు నమ్మకం లేదు.

చదువుకున్నవాళ్లం, మాకేం కాదులే అనుకునేవారికి మన ఊళ్లోనే జరిగిన ఒక సంగతి చెప్పాలి. 2021 నవంబర్‌లో హైదరాబాద్‌లోని మహేష్ బ్యాంకు ఉద్యోగులకి హ్యాకర్లు 200కి పైగా మోసపు మెయిల్స్ పంపారు. వాటిని తెరిచింది ఒకరిద్దరే. దొంగలకి ఆ సందు చాలింది. రెండు నెలలు ఓపిగ్గా కాచుకుని, 2022 జనవరిలో వారాంతం చూసి 12 కోట్ల రూపాయలకు పైగా ఊడ్చుకుపోయారు. సెలవు రోజులంటే దొంగలకి ఎందుకంత ఇష్టమో దీన్ని బట్టే తెలుస్తోంది. పండక్కి మనం ఊళ్లో ఉన్నప్పుడు బ్యాంకు మెసేజ్‌లు ఎవరు చూస్తారు?

ఇంకో కేసు నన్ను ఇంతకంటే భయపెట్టింది. 2018లో హైదరాబాద్‌లో బయటపడింది. సిమ్ కార్డుల అమ్మకాల టార్గెట్ కోసం ఒకతను రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్ నుంచి భూముల దస్తావేజులు డౌన్‌లోడ్ చేసి, వాటి మీది వేలిముద్రలతో రబ్బరు స్టాంపుల్లాంటివి తయారు చేశాడు. ఆ నకిలీ వేళ్లతో వేల సిమ్‌లు యాక్టివేట్ చేశాడు. పాస్‌వర్డ్ పోతే మార్చుకుంటాం, వేలిముద్ర పోతే ఎక్కడ తెచ్చుకుంటాం? ఆధార్‌తో, వేలిముద్రతో ఖాతాలోంచి డబ్బు తీసే సదుపాయం కూడా ఉంది కాబట్టి ఆధార్ బయోమెట్రిక్స్ లాక్ చేసుకోండి. ఆధార్ అధికారిక యాప్‌లో గానీ వెబ్‌సైట్‌లో గానీ ఐదు నిమిషాల పని. అవసరమైనప్పుడు కాసేపు తెరిచి మళ్లీ లాక్ చేసుకోవచ్చు. దారిలో లాడ్జిలో దిగితే చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ కాపీ ఇవ్వండి.

ఊరికి రాకుండా ఇక్కడే ఉండిపోయే పెద్దవాళ్లతో మాత్రం తీరిగ్గా కూర్చుని మాట్లాడండి. ఫోన్‌లో చెబితే చాలదు. "మీ పేరు మీద డ్రగ్స్ పార్శిల్ దొరికింది, డిజిటల్ అరెస్ట్ చేశాం, వీడియో కాల్ కట్ చేయొద్దు, ఎవరికీ చెప్పొద్దు" అనేవాళ్లకి కావలసింది ఒంటరిగా ఉన్న మనిషే. మన చట్టంలో డిజిటల్ అరెస్ట్ అన్నదే లేదు. 2024 అక్టోబర్‌లో ప్రధాని మన్ కీ బాత్‌లో ఈ మోసం గురించే ప్రత్యేకంగా హెచ్చరించారు. "అమ్మా, ఎవరికీ చెప్పొద్దని ఎవరన్నా అన్నారంటే ముందు నాకే చెప్పు" అని గట్టిగా చెప్పి వెళ్లండి. ఏఐతో మన గొంతుని అనుకరించి ఇంట్లోవాళ్లకి ఫోన్ చేసి డబ్బు అడిగే రోజులివి, ఇంట్లోవాళ్లకి మాత్రమే తెలిసిన ఒక గుర్తు మాట పెట్టుకోండి. డబ్బు రావడానికి యూపీఐ పిన్ అక్కర్లేదని కూడా చెప్పండి.

ఇంటి సంగతి మీకు తెలిసిందే. పాలు, పేపర్ ఆపించండి, నగలు లాకర్‌లో పెట్టండి, వాచ్‌మన్‌కీ స్థానిక పోలీస్ స్టేషన్‌కీ చెప్పి వెళ్లండి. సీసీ కెమెరా ఉంటే కొన్నప్పుడు వచ్చిన పాస్‌వర్డ్ మార్చారా? మార్చకపోతే ఆ కెమెరాలో మీ ఇల్లు ఇంకెవరికైనా కనిపించొచ్చు. టోల్ గేట్ దగ్గర దిగిన సెల్ఫీ స్టేటస్‌లో పెట్టకండి, తిరిగొచ్చాక పెట్టుకోవచ్చు.

బస్టాండ్ రద్దీలో ఫోన్ పోవడం మామూలే. *#06# నొక్కితే వచ్చే ఐఎంఈఐ నంబర్, అంటే ఆ ఫోన్ గుర్తింపు నంబర్, కాగితం మీద రాసి ఇంట్లో పెట్టండి. పోయిన ఫోన్‌ని కేంద్ర ప్రభుత్వ సంచార్ సాథీ వెబ్‌సైట్‌లోని సీఈఐఆర్ అనే విభాగం ద్వారా బ్లాక్ చేయించాలంటే అది కావాలి. సిమ్‌కి పిన్ పెట్టుకుంటే దొంగ దాన్ని వేరే ఫోన్‌లో వేసి ఓటీపీలు తెప్పించుకోలేడు. మూడుసార్లు తప్పు కొడితే సిమ్ లాక్ అవుతుంది, కాబట్టి పిన్ గుర్తుంచుకోండి.

ఆడవాళ్లు తిరుగు ప్రయాణంలో తెల్లవారుజామున ఎంజీబీఎస్‌లో దిగి క్యాబ్ ఎక్కేటప్పుడు టీ-సేఫ్ వాడండి. 2024లో తెలంగాణ పోలీసులు తెచ్చిన ఈ సేవ ప్రయాణాన్ని దారి పొడవునా గమనిస్తుంది. స్మార్ట్‌ఫోన్ లేకపోయినా 100కి డయల్ చేసి 8 నొక్కితే చాలు.

డబ్బు పోయిందని తెలిసిన క్షణంలో సిగ్గుపడుతూ కూర్చోకండి, సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. పోయిన డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకి నిమిషాల్లో దూకుతుంది, గంటలోపు చెబితే మధ్యలో ఆపించే అవకాశం ఎక్కువ. మా అత్త ఆ నంబర్‌ని ఫ్రిజ్ తలుపు మీద పెద్ద అక్షరాలతో రాసి అతికించింది. ఈ ఏడు ఊరెళ్లేముందు ఎదురింటి మామ్మగారి ఫ్రిజ్ మీద కూడా అతికిస్తానంటోంది.