విదేశాల్లో మోసపోకుండా తిరగడం – పాఠం 2: దారిలో పలకరించే మనిషి

పోయిన పాఠంలో ఎయిర్‌పోర్టు నుంచి హోటల్ దాకా క్షేమంగా చేరడం నేర్చుకున్నాం. ఈ పాఠం రోడ్డు మీద మొదలవుతుంది. మనం పిలవకుండానే దగ్గరికొచ్చి మాట కలిపే మనిషితో ఏం చేయాలి?

బెంగళూరు నుంచి నేరుగా విమానాలు ఉండటంతో వైట్‌ఫీల్డ్, మారతహళ్లి వైపు ఉండే మన తెలుగు కుటుంబాలు చాలామంది బ్యాంకాక్ వెళ్తుంటారు. అందుకే అక్కడ ఏళ్ల తరబడి నడుస్తున్న ఒక మోసాన్ని మొదటి నుంచి చివరి దాకా విడదీసి చూద్దాం.

మీరు గ్రాండ్ ప్యాలెస్ వైపు నడుస్తుంటారు. గేటు ఇంకా కాస్త దూరం ఉండగానే ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒక పెద్దమనిషి ఎదురవుతాడు. "ఇండియానా? నమస్తే!" అంటాడు. ఇవాళ పండగ, ప్యాలెస్ మధ్యాహ్నం దాకా తెరవరని చెప్తాడు. ఈలోగా చూడమని ఒక గుడి పేరు చెప్పి, మీ మ్యాప్ మీదే గుర్తుపెట్టి, ఒక టుక్‌టుక్‌ని (అక్కడి ఆటోని) ఆపుతాడు. అంతా తిప్పడానికి 20, 40 బాత్‌లు (థాయ్‌లాండ్ డబ్బు) చాలంటాడు డ్రైవర్. గుడిలో ఇంకో మనిషి తగులుతాడు. ఫలానా షాపులో రత్నాల మీద ప్రభుత్వం పన్ను ఎత్తేసిందని, ఈరోజే ఆఖరని, మీ ఊళ్లో అమ్ముకుంటే రెట్టింపు వస్తుందని మాటల్లో పెడతాడు. టుక్‌టుక్ సరిగ్గా ఆ షాపు ముందే ఆగుతుంది.

ఇక్కడ కాస్త ఆలోచించండి. మొదటి మనిషి పైసా అడగలేదు. డ్రైవర్ దాదాపు ఉచితంగా తిప్పాడు. గుడిలో మనిషి ఏమీ అమ్మలేదు. ఒకరికొకరు తెలియనట్టే ఉన్నారు, మాట మాత్రం ఒకదానికొకటి సరిపోతోంది. పెళ్లి సంబంధం విచారించేటప్పుడు కూడా ఇద్దరు ముగ్గురు ఒకే మాట చెప్తే మనం నమ్ముతాం. అయితే అక్కడ ఎవరిని అడగాలో మనం ఎంచుకుంటాం. ఇక్కడ చెప్పేవాళ్లే మనల్ని ఎంచుకున్నారు.

కాబట్టి తనంతట తాను వచ్చి చెప్పిన సమాచారాన్ని లెక్కలోకి తీసుకోకండి. మీరు ఎంచుకున్న మనిషిని అడగండి. ప్యాలెస్ మూసేశారంటే టికెట్ కౌంటర్ దాకా నడిచి చూడండి. మామూలుగా రోజూ ఉదయం 8:30 నుంచి మధ్యాహ్నం 3:30 దాకా అక్కడ టికెట్లు ఇస్తారు. రాజకుటుంబ కార్యక్రమాలకు మూసే రోజులేమైనా ఉన్నాయేమో వాళ్ల వెబ్‌సైట్‌లో ముందే చూసుకోండి. ప్రభుత్వం పెట్టే రత్నాల డిస్కౌంట్ సేల్ అనేది అసలు లేనే లేదు. డ్రైవర్‌కి షాపు నుంచి కమీషనో, పెట్రోల్ కూపనో ముడుతుంది, ఆ చవక అందుకే. ఇరుక్కున్నామనిపిస్తే టూరిస్ట్ పోలీస్ నంబర్ 1155.

మిగతా ఊళ్లలో వేషం మారుతుంది. పారిస్‌లో సాక్రే కర్ చర్చి మెట్ల దగ్గర చేతికి దారం కట్టేసి డబ్బు అడుగుతారు. చేతులు జేబులో పెట్టుకుని నడిస్తే చాలు. ఇస్తాంబుల్‌లో బూట్ పాలిష్ మనిషి మీ ముందు బ్రష్ జారవిడుస్తాడు. తీసి ఇస్తే, కృతజ్ఞత అంటూ మీ బూట్లు తుడిచి, ఆపైన డబ్బు అడుగుతాడు. నాకు బాగా కోపం తెప్పించేది ఇదే, సాయం చేసే గుణాన్నే వాడుకుంటారు.

ఇవన్నీ తెలిసినా మనవాళ్లు ఆగిపోతారు. వయసులో పెద్దాయన నవ్వుతూ పలకరిస్తే బదులివ్వకుండా వెళ్లడం మనకు అలవాటు లేదు. అమ్మానాన్నలతో వెళ్తే మరీను. "ఏదో చెప్తున్నాడు, ఆగరా" అంటారు. అందుకని దీన్ని ఇక్కడే సాధన చేయాలి.

ఈ వారం అభ్యాసం: ఒక సాయంత్రం బెంగళూరులో కలాసిపాళ్యం గానీ ఆనందరావు సర్కిల్ గానీ వెళ్లండి. ప్రైవేటు బస్సుల వాళ్లు "హైదరాబాద్, తిరుపతి" అంటూ పిలుస్తుంటారు. వాళ్లు మోసగాళ్లని కాదు, వాళ్ల పని వాళ్లు చేసుకుంటున్నారు. మనకు కావలసింది ఆ ఒత్తిడి. నడక ఆపకుండా "బేడ అణ్ణా" (కన్నడలో "వద్దన్నా") అని ముందుకు సాగండి. కారణం మాత్రం చెప్పకండి. "టికెట్ తీసేసుకున్నాం" అన్నారంటే "ఏ బస్సు? ఎంతకి?" అని మాట పెరుగుతుంది. ప్రయాణానికి ముందు ఇంట్లో అందరూ కూర్చుని, బయటివాళ్లతో మాట్లాడేది ఎవరో ఒక్కరిని అనుకోండి. మిగతావాళ్లు నడుస్తూనే ఉండాలి. అమ్మానాన్నలకు ఇది ముందే చెప్తే నొచ్చుకోరు.

వచ్చే పాఠం: కార్డు మెషీన్ "రూపాయల్లోనా, అక్కడి కరెన్సీలోనా?" అని అడిగితే ఏది నొక్కాలి.