కరోనరీ వేరే చోట పుడితే సీటీలో పట్టుకోవడం

కుడి కరోనరీ (గుండె కండరానికి రక్తం ఇచ్చే ధమని) ఎడమ సైనస్ (గుండె నుంచి బయల్దేరే పెద్ద ధమని అయోర్టా మొదట్లోని ఉబ్బు) నుంచి, లేదా ఎడమది కుడి సైనస్ నుంచి పుట్టినప్పుడు అసలు ప్రశ్న ఒక్కటే: అక్కడి నుంచి ఏ దారిన వెళ్లింది? దీనికి కదలని బొమ్మ కావాలి.

గుండె వేగం 60 దగ్గరికి రావాలి. ఆస్తమా, హార్ట్ బ్లాక్ (గుండెలో విద్యుత్ సంకేతాలకు అడ్డు), లో బీపీ లేవని తేలాకే, డాక్టర్ సలహాతో గంట ముందు మెటోప్రొలాల్ 50–100 మి.గ్రా. ఇస్తారు. స్కాన్‌కు కాసేపటి ముందు నాలుక కింద నాళాలను విప్పే నైట్రోగ్లిజరిన్ 0.4 మి.గ్రా.; సిల్డెనాఫిల్ (వయాగ్రా) వాడారేమో ముందే అడగాలి. కుడి మోచేతి మడతలో 18 గేజ్ కాన్యులా (సన్నని గొట్టం) పెట్టి, కాంట్రాస్ట్ (నాళాలు బొమ్మలో తెల్లగా కనిపించేలా చేసే మందు) 70 మి.లీ. సెకనుకు 5 మి.లీ. చొప్పున, వెనకాలే సెలైన్ 40 మి.లీ. పంపాలి. సెలైన్ మానేస్తే కుడి గదుల్లో కాంట్రాస్ట్ నిలిచిపోయి, అక్కడికి తెరుచుకునే ఫిస్టులా (కరోనరీ నుంచి గుండె గదిలోకి ఉండే అసహజ దారి) ధార మరుగున పడుతుంది. స్లైసు మందం 0.5–0.6 మి.మీ. స్కాన్‌ను కెరైనా (శ్వాసనాళం రెండుగా చీలే చోటు) దగ్గరే మొదలుపెట్టండి. మరీ కిందగా మొదలుపెడితే పల్మనరీ ఆర్టరీ (ఊపిరితిత్తులకు వెళ్లే ధమని) నుంచి పుట్టిన ఎడమ కరోనరీ మొదలు బొమ్మలో రాకుండా పోవచ్చు. ఇలాంటి కేసులో కుడి కరోనరీ బాగా ఉబ్బి, మెలికలు తిరిగి ఉంటే అది పెద్ద ఆనవాలు.

చదివేటప్పుడు రంగురంగుల త్రీడీ బొమ్మను నమ్ముకోవద్దు. చూడ్డానికి బాగుంటుంది గానీ నాళం గోడ సంగతి చెప్పదు. ముందు యాక్సియల్‌లో (శరీరాన్ని అడ్డంగా కోసిన బొమ్మ) కరోనరీ నోరు, అంటే అది పుట్టే రంధ్రం, వెతికి, తర్వాత బొమ్మలో నాళానికి అడ్డంగా కోసి చూడాలి.

ఎక్కువగా పొరబడేది ఇక్కడే: అయోర్టా, పల్మనరీ ఆర్టరీల మధ్య నుంచి వెళ్లిందా, లేక పల్మనరీ వాల్వ్ కన్నా కిందకు దిగి సెప్టమ్ (గుండె గదుల మధ్య గోడ) కండరంలోంచి వెళ్లిందా? యాక్సియల్‌లో రెండూ ఒకేలా అనిపిస్తాయి. సాజిటల్‌లో (పక్క నుంచి చూసే నిలువు కోత) రెండోది ఊయలలా కిందికి వేలాడి, చుట్టూ కండరంతో కనిపిస్తుంది; ఎక్కువ మందిలో అది ప్రమాదం చేయదు. మొదటిది, ముఖ్యంగా ఎడమ కరోనరీ అయితే, శ్రమపడేటప్పుడు ప్రాణం మీదికి తేవచ్చు.

రెండు పెద్ద నాళాల మధ్యగా వెళ్తే రిపోర్టులో ఇవి రాయాలి: నోరు గుండ్రమా, చీలికలా ఉందా, పుట్టిన కోణం 45 డిగ్రీల కన్నా తక్కువా, అయోర్టా గోడలో ఎన్ని మి.మీ. నడిచింది, మొదటి భాగం దూరపు భాగం కన్నా ఎంత సన్నం. నాళం చుట్టూ కొవ్వు లేకుండా, అడ్డకోత కోడిగుడ్డులా ఉంటే గోడలోపలి నడక అనుకోవచ్చు. రక్తప్రసరణ తగ్గుతోందా అన్నది మాత్రం స్ట్రెస్ పరీక్షే (గుండెకు శ్రమ కలిగించి చూసే పరీక్ష) తేల్చాలి.

కుడివైపు పుట్టిన సర్కమ్‌ఫ్లెక్స్ (ఎడమ కరోనరీకి మామూలుగా ఉండే ఒక కొమ్మ) అయోర్టా వెనకగా పోతే సాధారణంగా హాని లేదు. అయినా వాల్వ్ ఆపరేషన్ అనుకుంటున్నవారిలో రాసి తీరాలి, వాల్వ్ కుట్టుకు అది చిక్కుకోవచ్చు.