జలపాతం ట్రెక్‌కి బయల్దేరే ముందు

పేరున్న కొండలైతే దారి అడగడానికి ఎవరో ఒకరు ఎదురవుతారు. ఎవరూ పెద్దగా వెళ్లని కొండల్లో ఆ ధీమా ఉండదు.

- ఆఫ్‌లైన్ మ్యాప్ కనీసం ఇద్దరి ఫోన్లలో ఉండాలి. సిగ్నల్ లేని చోట ఫోన్ దాని కోసం వెతుకుతూనే బ్యాటరీ తాగేస్తుంది, ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. జీపీఎస్ అప్పుడూ పనిచేస్తుంది.
- ఎక్కడికెళ్తున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో ఇంట్లో ఒకరికి రాసిచ్చి వెళ్లండి.
- కొత్త బూట్లు వద్దు. కాలిగోళ్లు ముందురోజే కత్తిరించుకోండి. దిగేటప్పుడు బొటనవేలు బూటు కొసకి గుద్దుకుంటుంటే ఎందుకు చెప్పానో తెలుస్తుంది.
- నీళ్లు గంటకి అరలీటరు లెక్క. ఎండగా ఉంటే ఇంకాస్త.
- వెనక్కి తిరిగే టైము ముందే అనుకోండి. ఆ టైముకి జలపాతం కనబడకపోయినా వెనక్కే. గ్రూపులో ఒకరు తప్పక "ఇంకో పది నిమిషాలే" అంటారు, వినకండి.
- నెమ్మదిగా నడిచేవాళ్లు ముందు, అనుభవమున్నవాళ్లు చివర.

అసలు భయం నీళ్ల దగ్గరే. ఇక్కడ ఎండ కాస్తున్నా పైన ఎక్కడో కురిసిన వాన కిందికి రావచ్చు. తేటగా ఉన్న నీళ్లు ఎర్రబడినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా, హోరు పెరిగినా సామాను వదిలేసి గట్టెక్కండి. ఉరవడి ఉంటే 15 సెంటీమీటర్ల నీళ్లే మనిషిని పడగొడతాయి. మడుగులోకి దూకొద్దు, అడుగున బండలుంటాయి. నాచు పట్టిన రాతి మీద సెల్ఫీ సంగతి చెప్పనక్కర్లేదు.

ఉరిమిందంటే కొండకొస మీద నిలబడకండి. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగాకే కదలండి.