ఎదిగే వయసు పిల్లల ఎత్తు ఇంట్లోనే సరిగ్గా కొలవడం ఎలా?

గట్టి నేల, చదునైన గోడ, ఇనుప టేపు, మూలలు వంకర పోని గట్టి పెట్టె, పెన్సిల్. గుడ్డ టేపు సాగుతుంది, వద్దు. తివాచీ మీద అసలే వద్దు. గోడ అడుగున పట్టీ ముందుకు పొడుచుకొస్తే వేరే గోడ చూసుకోండి.

చెప్పులు, సాక్సులు తీయించండి, జడ విప్పించండి. మడమలు, పిరుదులు, భుజాలు గోడకు ఆనాలి. బొద్దుగా ఉన్న పిల్లలకు అన్నీ ఒకేసారి ఆనవు, నొక్కి పట్టకండి.

ఇక తల. అందరూ చెడగొట్టేది ఇక్కడే. "నిటారుగా నిలబడు" అనగానే పిల్లలు గడ్డం పైకెత్తేస్తారు, కొలత తప్పుతుంది. కంటిగుంట కింది అంచు, చెవి రంధ్రం పై అంచు ఒకే అడ్డగీతలో ఉండాలి. ఎదురుగా నిలబడితే ఇది కనబడదు, పక్కనుంచి చూడండి. పిల్లవాడు మీకన్నా పొడుగైతే స్టూలెక్కండి. తల వెనక భాగం గోడకు తగల్లేదని తోయకండి, మళ్లీ గడ్డం లేస్తుంది. ఊపిరి బాగా పీల్చి ఆపమని, పెట్టెను గోడకు ఆనించి జుట్టు అణిగేదాకా దించి, దాని అడుగున గీత గీయండి. నేల నుంచి ఆ గీత దాకా టేపుతో కొలవండి.

నెత్తిన పుస్తకం పెట్టే పద్ధతి నాకు నచ్చదు. పుస్తకం ఏదో ఒక పక్కకు ఒరుగుతుంది. పెట్టెకైతే ఒక ముఖం గోడకూ, ఇంకోటి నెత్తికీ అతుక్కుంటుంది. ఫోన్ యాప్‌ల జోలికి పోవద్దు.

పక్కకు పంపి, మళ్లీ నిలబెట్టి రెండోసారి కొలవండి. అరసెంటీమీటరు మించి తేడా వస్తే మూడోసారి. ఎప్పుడూ ఉదయమే కొలవాలి. సాయంత్రానికి వెన్నుపూసల మధ్య డిస్కులు అణిగి సెంటీమీటరు దాకా తగ్గొచ్చు.

ఆరు నెలలకోసారి చాలు. నెలనెలా కొలిస్తే పెరుగుదల కన్నా పొరపాటే ఎక్కువ కనబడుతుంది. ఎదుగుదల ఉధృతి ఆడపిల్లలకు సుమారు 12 ఏళ్లకు, మగపిల్లలకు 14 ఏళ్లకు వస్తుంది. అప్పుడు ఏడాదికి 8, 9 సెం.మీ. పెరగడం మామూలే. అందుకే 12 ఏళ్ల అబ్బాయిని తోటి అమ్మాయితో పోల్చి బెంగపడకండి. ఆ దశలో ఆకలి కూడా పెరుగుతుంది, ఎక్కువ తింటున్నాడని కసరకండి. రోజుకు 1000 నుంచి 1300 మి.గ్రా. కాల్షియం కావాలి, నెలసరి మొదలైన అమ్మాయిలకు ఇనుము అవసరం పెరుగుతుంది.

యుక్తవయసు మార్పులు రాకముందు ఏడాదికి 4 సెం.మీ. కన్నా తక్కువ పెరిగినా, అమ్మాయికి 13, అబ్బాయికి 14 దాటినా ఆ మార్పులు మొదలవకపోయినా పిల్లల డాక్టరుకు చూపించండి. ఎత్తు పెంచుతాయని అమ్మే పొడి డబ్బాలు కొనేది ఆ తర్వాతే. వెళ్లేటప్పుడు తేదీ, ఎత్తు, బరువు రాసుకున్న పుస్తకం తీసుకెళ్లండి, డాక్టరు మొదట అడిగేది అదే.